టెక్సాస్ మ్యాపులో అన్ని చుక్కలు, న్యూజెర్సీలో రెండే: ఇల్లు కొనేముందు సెక్స్ అఫెండర్ రిజిస్ట్రీని ఎలా చదవాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి టెక్సాస్‌లోని ఫ్రిస్కో మారుతున్నారు. పిల్లలకు 4, 9 ఏళ్లు. నచ్చిన ఇంటి చుట్టూ 3 మైళ్లలో రిజిస్ట్రీ (లైంగిక నేరాలు చేసి పోలీసుల దగ్గర నమోదైనవాళ్ల జాబితా) చూస్తే 14 పేర్లు, అంటే మ్యాపు మీద 14 చుక్కలు వచ్చాయి. ఎడిసన్ ఇంటి చుట్టూ 2 మాత్రమే. ఆప్షన్ పీరియడ్ (కొనుగోలు ఒప్పందం నుంచి వెనక్కి తగ్గే గడువు) ఇంకో 5 రోజులుంది. ఆ ఇల్లు వదిలేయాలా? అసలు ఈ జాబితా ఎవరు నింపుతారు, ఎంతవరకు నమ్మాలి? హైదరాబాద్‌లో అమ్మావాళ్ల ఇంటి దగ్గర ఇలా చూసుకునే వీలుందా?

ముందు జవాబు: చుక్కల లెక్క చూసి ఆ ఇల్లు వదులుకోకండి. 14కీ 2కీ ఉన్న తేడాలో ఎక్కువ భాగం రెండు రాష్ట్రాల చట్టాల్లో ఉన్న తేడా. న్యూజెర్సీ తన జాబితాలో కొంతమందినే జనానికి చూపిస్తుంది. టెక్సాస్ దాదాపు అందరినీ చూపిస్తుంది. అందుకని ఈ 5 రోజుల్లో చేయాల్సిన పని ఎంతమంది అని లెక్కపెట్టడం కాదు. ఒక్కో పేరు మీద నొక్కి లోపలి పేజీ చదవడం. 14 పేజీలు చదవడానికి గంట చాలు.

తేడా ఎక్కడుందో చెబుతాను. న్యూజెర్సీలో ఒక మనిషి మళ్లీ నేరం చేసే అవకాశం ఎంత అన్నది స్కేలు మీద లెక్కగట్టి 3 టయర్లుగా విడదీస్తారు. కౌంటీ ప్రాసిక్యూటర్ ప్రతిపాదిస్తారు, ఆ మనిషి అభ్యంతరం చెబితే జడ్జి తేలుస్తారు. టయర్ 1 వాళ్ల సంగతి మామూలుగా పోలీసులకే తెలుస్తుంది, ఇంటర్నెట్‌లో కనబడరు. టయర్ 2 అయితే స్కూళ్లకు, డేకేర్లకు, పేరు నమోదు చేసుకున్న పిల్లల సంస్థలకు చెబుతారు. వెబ్‌సైట్‌లో పెడతారు కానీ కుటుంబంలోపల జరిగిన కేసుల్లాంటి వాటికి మినహాయింపులున్నాయి. టయర్ 3 అయితే చుట్టుపక్కల ఇళ్లకు వెళ్లి మరీ చెబుతారు. అంటే ఎడిసన్‌లో మీకు కనబడిన 2 అన్నది అక్కడ ఉన్నవాళ్ల సంఖ్య కాదు, మీకు చూపించడానికి చట్టం ఒప్పుకున్నవాళ్ల సంఖ్య.

టెక్సాస్‌లో కోడ్ ఆఫ్ క్రిమినల్ ప్రొసీజర్ 62వ అధ్యాయం ప్రకారం రిజిస్ట్రేషన్ ఉన్న పెద్దవాళ్ల వివరాలు రిస్క్ లెవెల్ ఎంతైనా పబ్లిక్‌గా ఉంటాయి. లో, మోడరేట్, హై అని మూడు స్థాయిలు ఉన్నా, అవి ఎవరిని చూపించాలో ఎవరిని దాచాలో తేల్చేవి కావు. నిన్నటిదాకా మీ పక్క వీధిలో టయర్ 1గా కనబడకుండా ఉన్న మనిషే రేపు ఫ్రిస్కో పక్కనున్న ప్లేనో మారితే అక్కడ మ్యాపు మీద చుక్క అవుతాడు. మనిషి అదే, నేరం అదే.

మిగతా రాష్ట్రాల్లో ఉన్న మనవాళ్లకూ పనికొస్తుంది కాబట్టి ఇంకో నాలుగు చెబుతాను. న్యూయార్క్‌లో లెవెల్ 1 వెబ్‌సైట్‌లో ఉండదు, కానీ 1-800-262-3257కి ఫోన్ చేసి పేరుతోపాటు గుర్తింపు వివరాలు ఇస్తే ఉన్నాడో లేదో చెబుతారు. మసాచుసెట్స్‌లోనూ లెవెల్ 1 జనానికి కనబడదు. కాలిఫోర్నియాలో కొందరి పూర్తి అడ్రస్ ఇస్తారు, కొందరి జిప్ కోడ్ మాత్రమే ఇస్తారు, కొందరిని అసలు చూపించరు. జిప్ కోడ్ మాత్రమే ఉన్న మనిషి మ్యాపు మీద చుక్కగా రాడు, జాబితాలో వెతికితేనే వస్తాడు. ఫ్లోరిడాలో తిరకాసు ఇంకో రకం: రాష్ట్రం వదిలి వెళ్లిపోయినవాళ్ల పేర్లూ జాబితాలో ఉండిపోతాయి. పైగా టయర్ అన్న మాటకు అన్నిచోట్లా ఒకే అర్థం లేదు. న్యూజెర్సీలో అది రిస్క్ అంచనా. 2006 నాటి ఫెడరల్ ఆడమ్ వాల్ష్ చట్టంలో అది నేరం రకాన్ని బట్టి వచ్చే తరగతి: టయర్ 1కి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, టయర్ 2కి 25 ఏళ్లు, టయర్ 3కి జీవితాంతం. "టయర్ 2 అంటే మధ్యస్థం" అని ఒక రాష్ట్రం అర్థాన్ని ఇంకో రాష్ట్రానికి అంటించకండి.

ఇక జాబితా ఎలా నిండుతుందన్నది. దేశం మొత్తానికి ఒకే పెద్ద పుస్తకం ఏదో ఉందని చాలామంది అనుకుంటారు. లేదు. ఎన్ఎస్ఓపీడబ్ల్యూ డాట్ గవ్ అనే ఫెడరల్ న్యాయశాఖ సైట్ సొంతంగా వివరాలు దాచుకోదు. మీరు పేరో అడ్రసో కొట్టగానే రాష్ట్రాల, టెరిటరీల, ట్రైబ్‌ల రిజిస్ట్రీలను అప్పటికప్పుడు అడిగి, వచ్చిన జవాబులను ఒకచోట పేరుస్తుంది. ఏదైనా రాష్ట్రం సర్వర్ ఆ నిమిషంలో పలకకపోతే ఆ రాష్ట్రం ఫలితాలు రావు. ఆ సంగతి చెప్పే నోటీసు చిన్న అక్షరాల్లో పేజీ మీద ఉంటుంది, దాన్ని చూడకుండా "ఏమీ లేవు" అనుకుంటారు. ఫెడరల్ సైట్‌ను తొలి జల్లెడగా వాడండి. ఆ తర్వాత రాష్ట్రం సైట్‌కు వెళ్లండి, మీ విషయంలో అది టెక్సాస్ డీపీఎస్ (రాష్ట్ర ప్రజా భద్రతా శాఖ) రిజిస్ట్రీ. రెండూ ఉచితమే. డబ్బు అడిగే ప్రైవేట్ సైట్లు ఎప్పుడో దింపుకున్న కాపీలు చూపిస్తుంటాయి, వాటి జోలికి పోవద్దు.

కింద జరిగే పని స్థానిక పోలీసులది. టెక్సాస్‌లో రిజిస్ట్రేషన్ ఉన్న మనిషి ఊరు మారితే వెళ్లడానికి 7 రోజుల ముందే చెప్పాలి, కొత్త చోటికి చేరాక 7 రోజుల్లోపు స్వయంగా వెళ్లి నమోదు చేసుకోవాలి. నగర పరిధిలో అయితే నగర పోలీసుల దగ్గర, నగర పరిధి బయట అయితే కౌంటీ షెరీఫ్ దగ్గర. ఫారంలో పేరు, మారుపేర్లు, పుట్టిన తేదీ, ఎత్తు, బరువు, కళ్ల రంగు, చివరికి చెప్పుల సైజు కూడా ఉంటుంది. ఫొటో, వేలిముద్రలు తీసుకుంటారు. ఆ వివరాలు 3 రోజుల్లో డీపీఎస్‌కు చేరాలి. ఇప్పుడు లెక్క వేయండి: 7 రోజులు, ఆపైన 3 రోజులు. అన్నీ సవ్యంగా నడిచినా ఒక చుక్క తన సరైన చోటికి చేరడానికి 10 రోజులు పట్టవచ్చు. ఆ మధ్యలో పాత ఇంటి మీదే ఉంటుంది. ఆ పాత ఇంట్లోకి అప్పటికే ఎవరో అమాయకులు అద్దెకు దిగి ఉండవచ్చు. (ఫెడరల్ ప్రమాణం 3 పనిదినాలు. కానీ రాష్ట్రాలు తమ గడువులు తామే పెట్టుకుంటాయి.)

ఆ తర్వాత మామూలుగా ఏడాదికోసారి, పుట్టినరోజుకు అటూ ఇటూ 30 రోజుల్లో, వెళ్లి వివరాలు సరిచూపించుకోవాలి. తీవ్రమైన లైంగిక నేరాలకు ఒకటికంటే ఎక్కువ శిక్షలున్నవాళ్లు 90 రోజులకోసారి. డ్రైవింగ్ లైసెన్స్ కూడా ఏటా మార్చుకోవాలి. వెళ్లకపోవడమే ఇంకో నేరం. రాష్ట్రాలు మారి తప్పించుకుంటే ఫెడరల్ చట్టం కింద 10 ఏళ్ల దాకా జైలు.

ఇప్పుడు ఒక పేజీని దగ్గరగా చదువుదాం. చుక్క మీద నొక్కితే ఫొటో వస్తుంది. ముందు ఫొటో తేదీ చూడండి. తర్వాత అడ్రస్. అది ఇంటి నంబరా, అపార్ట్‌మెంట్ కాంప్లెక్సా, ట్రీట్‌మెంట్ సెంటరా, జైలా? నగరం మ్యాపులో ఒకేచోట నాలుగు చుక్కలు కుప్పపడి ఉంటే చాలాసార్లు అది మోటెలో, అలాంటి సెంటరో అవుతుంది. వెంట వెంటనే ఇల్లు దొరకనివాళ్లు అక్కడికే చేరతారు. మీ 14లో ఎన్ని అలాంటి ఒకే అడ్రస్ మీద ఉన్నాయో మొదట తేల్చుకోండి.

ఆ కింద నేరం పేరు. ఇక్కడే తొందరపడతారు. "ఇండిసెన్సీ విత్ ఎ చైల్డ్" అని ఉంటే దాని పక్కన కాంటాక్ట్ అని ఉందా, ఎక్స్‌పోజర్ అని ఉందా చూడండి. మొదటిది పిల్లల్ని తాకడం, దానికి జీవితాంతం రిజిస్ట్రేషన్. రెండోది బట్టలు తొలగించి చూపించడం, దానికి శిక్ష ముగిశాక 10 ఏళ్లు. రెండూ తప్పే, కానీ ఒకటి కావు. తర్వాత బాధితుల వయసు, ఆడా మగా అన్నది. పిల్లలున్న ఇంటికి నా దృష్టిలో పేజీ మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైన వరుస ఇదే. 34 ఏళ్ల బాధితురాలున్న కేసుకూ, 7 ఏళ్ల పాప ఉన్న కేసుకూ మీరు తీసుకోవలసిన జాగ్రత్త వేరు.

డిస్పొజిషన్ డేట్ అన్నది కోర్టు తీర్పు తేదీ, నేరం జరిగిన తేదీ కాదు. నేరం అంతకు ఏడాదో రెండేళ్లో ముందు జరిగి ఉంటుంది, ఒక్కోసారి చాలా ఏళ్ల ముందు. పుట్టిన తేదీ, తీర్పు తేదీ, బాధితుల వయసు మూడూ పక్కపక్కన పెట్టుకుంటే అప్పుడు ఇద్దరి వయసులూ సుమారుగా తెలుస్తాయి. 20 ఏళ్లవాడు, 16 ఏళ్ల అమ్మాయి ఉన్న కేసు, 45 ఏళ్లవాడు, 6 ఏళ్ల పాప ఉన్న కేసు మ్యాపు మీద ఒకే రంగు చుక్కలు. డిఫర్డ్ అడ్జుడికేషన్ అని ఉంటే కోర్టు దోషి అని ప్రకటించకుండా ప్రొబేషన్ మీద (షరతులతో బయటే ఉంచి నిఘాలో) పెట్టిందని అర్థం. టెక్సాస్‌లో దానికీ రిజిస్ట్రేషన్ తప్పదు.

చివరగా రిస్క్ లెవెల్, వెరిఫికేషన్ ఎంత కాలానికోసారి అన్నది. 90 రోజులు అని ఉంటే పాత శిక్షలు ఒకటికి మించి ఉన్నాయేమో వెతకండి. రిస్క్ లెవెల్ "నాట్ రిపోర్టెడ్" అని ఉంటే తక్కువ రిస్క్ అని అర్థం చేసుకోకండి. అంచనా రాలేదు, అంతే.

వెతకడంలో జరిగే పొరపాట్లు కొన్ని. ఫ్రిస్కో కొలిన్, డెంటన్ అనే రెండు కౌంటీల్లో పరుచుకుని ఉంది. కౌంటీ పేరుతో ఒక్కదాంట్లోనే వెతికితే సగం ఊరు జారిపోతుంది. ఊరి పేరుతో వెతికితే రోడ్డు అవతలి లిటిల్ ఎల్మ్ అనే ఊరు రాదు. అందుకని అడ్రస్ ఇచ్చి చుట్టూ వెతకండి. ఆ మైళ్లు కాకి ఎగిరిన దూరం, రోడ్డు దూరం కాదు. టోల్‌వేకి అవతల మైలు దూరంలో ఉన్న చుక్క మీ పిల్లలు నడిచే దారిలో ఉండకపోవచ్చు. ఇంటి అడ్రస్ ఒక్కటే కాకుండా స్కూలు, స్కూల్ బస్ ఆగేచోటు, పార్కు, మ్యూజిక్ క్లాసు అడ్రస్‌లతోనూ వెతకండి. అడ్రస్ గుర్తుపట్టలేక సాఫ్ట్‌వేర్ మ్యాపు మీద పెట్టలేని పేర్లుంటాయి, కాబట్టి మ్యాపుతో ఆగకుండా జిప్ కోడ్ జాబితా కూడా తెరవండి.

పేరుతో వెతికేటప్పుడు మన పేర్లతో వేరే ఇబ్బంది ఉంది. కోర్టు రికార్డులో ఎలా పడితే రిజిస్ట్రీలో అలాగే ఉంటుంది. లక్ష్మిని ఎక్స్‌తో రాస్తారు, కేఎస్‌హెచ్‌తో రాస్తారు. శ్రీనివాస్‌లో ఐ ఒకటే ఉండవచ్చు, ఈలు రెండు ఉండవచ్చు. చౌదరికి అరడజను స్పెల్లింగులు. ఇంటిపేరు ముందుకో వెనక్కో మారి ఉంటుంది. పాస్‌పోర్టులో ఒకే పేరున్నవాళ్లకు మొదటి పేరు స్థానంలో ఎఫ్ఎన్‌యూ అని పడుతుంది. దీని అవతలి కోణం ఇంకా ముఖ్యం: పేరు కలిస్తే మనిషి కలిసినట్టు కాదు. పుట్టిన తేదీ, ఫొటో, ఊరు మూడూ కలవాలి. ఒక రెడ్డిగారి పేరు, ఒక రావుగారి పేరు ఈ దేశంలో ఎన్ని వందలమందికి ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

మీకు ఎవరు చెప్పాలన్నదీ అడుగుతారు కాబట్టి: టెక్సాస్‌లో ఇల్లు అమ్మేవాళ్లకు గానీ రియల్టర్‌కు గానీ పక్కన రిజిస్ట్రీ మనిషి ఉన్నాడని చెప్పే బాధ్యత లేదు, చట్టంలోనే రాసి ఉంది. హై రిస్క్ మనిషి వస్తే మాత్రం చుట్టూ 3 బ్లాకుల ఇళ్లకు, ప్లాట్లుగా విడదీయని ప్రాంతంలో అయితే మైలు దూరంలోని ఇళ్లకు డీపీఎస్ నుంచి నోటీసు వస్తుంది. మిగతావాళ్ల సంగతి మీరే చూసుకోవాలి. హై రిస్క్ కానివాళ్లు మీరు ఇల్లు కొన్న తర్వాత వస్తే ఎవరూ తలుపు తట్టి చెప్పరు. 3 నెలలకోసారి మళ్లీ చూడండి. కొన్ని షెరీఫ్ ఆఫీసులు ఈమెయిల్ అలర్ట్ ఇస్తాయి, మీ కౌంటీలో ఉంటే పెట్టుకోండి. స్కూలు దగ్గర ఉండకూడదన్న నియమం రాష్ట్రమంతటా అందరికీ ఉందనుకోవద్దు. టెక్సాస్‌లో అది ఆ మనిషి పెరోల్, ప్రొబేషన్ షరతుల మీద, లేదా ఆ నగరం ఆర్డినెన్స్ (నగర పాలకసంస్థ చేసిన స్థానిక నియమం) మీద ఆధారపడుతుంది. ఎంత దూరమో ఆ నగరం ఆర్డినెన్స్‌లోనే చూసుకోవాలి.

ఇక జాబితాలో లేనిది. పిల్లలమీద నేరాల్లో ఫిర్యాదు దాకా వచ్చేవే కొన్ని, శిక్ష దాకా వెళ్లేవి ఇంకా తక్కువ. కేసు నడుస్తున్నవాడు రిజిస్ట్రీలో ఉండడు. ఇతర దేశంలో నేరం చేసి వచ్చినవాడి సంగతి ఇక్కడి పోలీసులకు తెలిస్తేనే ఉంటుంది. అమెరికా న్యాయ గణాంకాల విభాగం 2000లో ఇచ్చిన నివేదికలో, పోలీసుల దాకా వచ్చిన కేసుల్లోని పిల్లల మీద దాడి చేసినవాళ్లలో అపరిచితులు దాదాపు 7 శాతమే. 34 శాతం కుటుంబ సభ్యులు, మిగతావాళ్లు తెలిసినవాళ్లు. చుక్కలు లేని వీధి దొరికిందని ట్యూషన్ మాస్టారి గదికి తలుపు వేసి పంపిస్తే ఆ మ్యాపు ఏమీ కాపాడదు. బేబీసిట్టర్‌ని పెట్టుకునేటప్పుడు కూడా రిజిస్ట్రీతో ఆగకండి. డీపీఎస్ కన్విక్షన్ నేమ్ సెర్చ్ చూడండి, ఆ మనిషి ఉండివచ్చిన కౌంటీల కోర్టు రికార్డులు చూడండి, అంతకుముందు ఆ మనిషి పనిచేసిన ఇళ్లవాళ్లతో ఫోన్‌లో మాట్లాడండి.

ఒక విషయం మీరు అడగలేదు, అయినా చెప్పాలి. ఆ పేజీల స్క్రీన్‌షాట్లు సబ్‌డివిజన్ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. రిజిస్ట్రీ బాధితుల పేరు ఎక్కడా చెప్పదు. కానీ "బాధితురాలు బాలిక, 9 ఏళ్లు" అని ఉన్న పేజీ ఆ కుటుంబాన్ని ఎరిగిన గ్రూపులో పడితే ఆ పాప ఎవరో పదిమందికి అర్థమైపోతుంది. కుటుంబంలో జరిగిన కేసుల్లో ఇదే జరుగుతుంది, ఆ పాప రెండోసారి దెబ్బతింటుంది. పైగా ఆ వివరాలతో ఎవరినైనా వేధిస్తే, బెదిరిస్తే అది నేరం. ఆ సైట్ల మొదటి పేజీలోనే హెచ్చరిక ఉంటుంది. మీ పిల్లలకు, పిల్లల్ని చూసుకునే పెద్దవాళ్లకు చెప్పండి, అక్కడితో ఆపండి. జాబితాలో అడ్రస్ తప్పని, ఆ మనిషి అక్కడ లేడని మీకు తెలిస్తే నగర పోలీసుల్లో రిజిస్ట్రేషన్ చూసే ఆఫీసర్‌కు ఫోన్ చేయండి, సరిచేస్తారు.

పెళ్లి సంబంధాల కోసం ఈ సైట్లు చూస్తున్నవాళ్లకు ఒక్క మాట. పైన చెప్పిన 2006 ఆడమ్ వాల్ష్ చట్టం ప్రకారం మైనర్‌మీద నిర్దిష్ట నేరానికి శిక్షపడ్డ అమెరికా పౌరుడుగానీ గ్రీన్ కార్డుదారుడుగానీ భార్య కోసం పిటిషన్ వేస్తే, ఆమెకు ప్రమాదం లేదని ప్రభుత్వం తేల్చితే తప్ప ఆమోదించరు. హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాడు భార్యకు హెచ్4 వీసా కోసం వేసేటప్పుడు ఈ అడ్డు లేదు. కాబట్టి వీసా వచ్చింది కదా అని నిశ్చింతగా ఉండకండి. అబ్బాయి ఉండివచ్చిన ప్రతి రాష్ట్రం సైట్ విడిగా చూడండి. న్యూజెర్సీ, న్యూయార్క్ సైట్లలో పేరు లేకపోవడం అంటే పై స్థాయిల్లో లేడని మాత్రమే అర్థం.

హైదరాబాద్ సంగతి. మన దేశంలోనూ జాబితా ఉంది. 2018 సెప్టెంబర్ 20న కేంద్ర హోంశాఖ నేషనల్ డేటాబేస్ ఆన్ సెక్సువల్ అఫెండర్స్ మొదలుపెట్టింది, ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల సంస్థ) నడుపుతుంది, మొదలైన రోజుకే 4.4 లక్షల ఎంట్రీలున్నాయి. కానీ అది పోలీసులు, దర్యాప్తు సంస్థలకు మాత్రమే. మీరు గానీ మీ అమ్మావాళ్లు గానీ చూడలేరు, చూపించే మ్యాపు లేదు. ఉందని చెప్పి లింకు పంపేవాళ్లను నమ్మకండి. అక్కడ చేయగలిగింది వేరు: డ్రైవర్, వాచ్‌మన్, పనిమనిషి విషయంలో స్థానిక పోలీస్ స్టేషన్‌లో వెరిఫికేషన్ పెట్టించండి. ఆధార్ కాపీ తీసుకుని ఊరుకోకుండా సొంత ఊరి అడ్రస్, అంతకుముందు పనిచేసిన ఇంటి ఫోన్ నంబర్ కూడా రాయించుకోండి. పిల్లల విషయంలో ఏదైనా అనుమానం వస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098, అత్యవసరమైతే 112. ఫిర్యాదు చేస్తే పరువు పోతుందని అమ్మావాళ్లు వెనకాడితే పోక్సో చట్టం 19వ సెక్షన్ చెప్పండి: నేరం జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. 23వ సెక్షన్ ప్రకారం ఆ బిడ్డ పేరు, స్కూలు, ఇల్లు మీడియాలో రాకూడదు. టెక్సాస్‌లో అయితే పిల్లలమీద అకృత్యం అనుమానించిన ప్రతి ఒక్కరూ చెప్పి తీరాలి, నంబర్ 1-800-252-5400, రోజంతా పనిచేస్తుంది. ప్రమాదం అప్పటికప్పుడు కళ్లముందు ఉంటే 911.

ఈ 5 రోజుల్లో ముందు ఆ 14 పేజీలు చదవండి. వాటిలో పిల్లల కేసులు ఎన్ని, హై రిస్క్ ఎన్ని, మీ వీధికి నడిచే దూరంలో ఎన్ని అన్నవి కాగితం మీద రాసుకోండి. ఈ మూడు అంకెలూ పంపితే ఆ ఇంటి గురించి ఇంకా కచ్చితంగా చెప్పగలను. పేర్లు మాత్రం పంపకండి, అవసరం లేదు.